పావు టన్ను బండి: యుద్ధరంగం నుంచి పొలం గట్టు దాకా

1940 జూలై 11న అమెరికన్ సైన్యం 135 కంపెనీలకు ఒక ఆహ్వానం పంపింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే తేలికపాటి వాహనం కావాలి, ఆర్డరు ఇచ్చిన 49 రోజుల్లో నమూనా చేతికి రావాలి అన్నది షరతు. ఆ గడువుకు కట్టుబడతామని ముందుకొచ్చింది ఒక్కటే: పెన్సిల్వేనియాలోని బట్లర్ అనే చిన్న పట్నంలో, మూతపడే దశలో ఉన్న అమెరికన్ బాంటమ్ కార్ కంపెనీ. డెట్రాయిట్ నుంచి వచ్చిన కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరు కొద్దిరోజుల్లోనే నక్షాలు గీసిపెట్టాడు. గడువు ముగియడానికి ఇంకా అరగంట ఉందనగా, సెప్టెంబరు 23న, బండి మేరీలాండ్‌లోని క్యాంప్ హోలాబర్డ్ చేరింది. జీపుకు మొదటి రూపం అదే. ఆ తర్వాత జరిగింది బాంటమ్‌కు అన్యాయమే. అంత పెద్ద ఎత్తున తయారుచేసే సత్తా ఆ కంపెనీకి లేదని అనుమానించిన సైన్యం, దాని నక్షాలను విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు చూపించింది. పెద్ద ఆర్డర్లు ఆ రెండింటికే వెళ్ళాయి. యుద్ధం ముగిసేసరికి అవి రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేస్తే, బాంటమ్ చేసినవి మూడు వేలకు లోపే. జీపు చేజారిన ఆ కార్ఖానాకు దక్కిన పనుల్లో ఒకటి, ఆ జీపు వెనక కట్టుకుని లాగే రెండు చక్రాల పావు టన్ను ట్రైలర్. దానికి టీ-3 అని పేరు పెట్టి 70,000కు పైగా తయారుచేశారు. దాదాపు అవే కొలతలతో విల్లీస్ కూడా ఎంబీటీ పేరుతో వేలకొద్దీ చేసింది.

జీపు గురించి పుస్తకాలు, సినిమాలు, క్లబ్బులు ఎన్నో ఉన్నాయి. దాని వెనక నడిచిన ఈ బండిని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. పట్టించుకున్నవాళ్ళు కూడా దాన్ని యుద్ధ వస్తువుగానే చూశారు: ఏ నెలలో తయారైంది, ఏ బోల్టు మీద ఏ గుర్తు ఉంది, ఏ ఛాయ ఆకుపచ్చ రంగు వేశారు అన్నవే వాళ్ళ ప్రశ్నలు. ఆ ప్రశ్నలకు విలువ లేదనను. అయితే లెక్క వేసి చూస్తే ఈ బండి సైన్యంలో గడిపింది మహా అయితే నాలుగైదేళ్ళు. మిగిలిన డెబ్బై, ఎనభై ఏళ్ళూ అది గడిపింది పొలాల్లో, కట్టెల అడితిల్లో, పశువుల కొట్టాల పక్కన. అందుచేత ఇప్పుడొక రైతు పాడుపడిన మిలిటరీ ట్రైలర్‌ను బాగుచేయించి పొలం పనికి పెడితే, చరిత్ర ఉన్న వస్తువును పాడుచేస్తున్నాడనే మాట నాకు సరైనదిగా అనిపించదు. దాని చరిత్రలో ఎక్కువ భాగం ఏదో ఆ పనినే అతను కొనసాగిస్తున్నాడు. ఈ మాటకు ఆధారాలున్నాయి, గట్టి అభ్యంతరాలూ ఉన్నాయి.

మొదట బండి నిర్మాణం చూడాలి. వాడుకలో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో అక్కడే తేలిపోతుంది. ఉక్కు రేకుతో చేసిన తొట్టి. లోపల సుమారు ఆరడుగుల పొడవు, మూడడుగుల పైచిలుకు వెడల్పు, అడుగున్నర లోతు. కింద ఒకే ఇరుసు, రెండు వైపులా కమాను కట్టలు, కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్లు. టైర్లు జీపువే, 6.00-16 సైజు, ట్రైలర్ చక్రం పాడైతే జీపు వెనక ఉన్న స్పేర్ చక్రం విప్పి బిగించుకోవచ్చు, జీపు చక్రం పాడైతే ట్రైలర్‌ది తీసుకోవచ్చు. ముందు నొగ చివర ఉక్కు వలయం, దాన్ని పట్టుకోవడానికి జీపు వెనక కొక్కెం. విప్పి నిలబెట్టినప్పుడు బండి ముందుకు ఒరగకుండా మడిచిపెట్టే కాలు ఒకటి, రెండు చక్రాలనూ పట్టి ఉంచే చేతి బ్రేకు ఒకటి. అన్నిటికంటే విశేషం, తొట్టికి ఎక్కడా సందు లేకపోవడం. జీపు వాగు దాటాల్సివస్తే వెనక బండి సరుకుతో సహా నీటి మీద తేలాలని సైన్యం కోరింది. అందుకే వెనక తలుపు పెట్టలేదు. లోపల చేరిన నీరు పోవడానికి అడుగున బిరడాలు బిగించారు. వాగు దాటేటప్పుడు మూసి ఉంచాలి, దాటాక తీయాలి.

ఇవన్నీ సైన్యం తన అవసరాలకు పెట్టించుకున్నవే. కానీ ఆ అవసరాలు ఎలాంటివో చూడండి. దారి లేని చోట నడవాలి. బురదలో దిగబడితే ఇద్దరు మనుషులు పట్టి లాగగలిగేంత తేలిగ్గా ఉండాలి. మెకానిక్ దగ్గర్లో ఉండడు కాబట్టి నడిపేవాడే బాగుచేసుకోగలగాలి. ఇవాళ పెట్రోలు డబ్బాలు, రేపు తుపాకీ గుండ్లు, ఎల్లుండి తిండి సామాను, ఏది వేసినా మోయాలి. అవసరమైతే గ్లైడర్ విమానంలో పట్టాలి. వాకో సీజీ-4ఏ గ్లైడర్‌లో జీపునైనా, ఈ ట్రైలర్‌నైనా ఎక్కించి దించేవారు. గ్లైడర్ ఒక్కటి మినహాయిస్తే, ఈ జాబితా ఒహాయోలోనో నెబ్రాస్కాలోనో వంద ఎకరాలు సాగుచేసుకునే కుటుంబం తన సామాను బండి గురించి చెప్పుకునే జాబితాకు ఎంతో దగ్గర. కంచె గుంజలు, దాణా బస్తాలు, పాల క్యాన్లు, కొమ్మ నరికిన కట్టెలు, ఈనిన ఆవు దగ్గరికి తీసుకెళ్ళే నీళ్ళు. సైన్యం, సేద్యం రెండూ బురదలో చేసే పనులే కనుక ఈ పోలిక కాకతాళీయం కాదు.

ఆ రోజుల్లో అమెరికా రైతుకు ఇలాంటి బండి ఎందుకు అంత అపురూపమో తెలియాలంటే రబ్బరు కథలోకి వెళ్ళాలి. 1930ల మొదటి ఏళ్ళ దాకా అక్కడి ట్రాక్టర్లకు ఇనప చక్రాలే, వాటికి పళ్ళ లాంటి మేకులు. విస్కాన్సిన్‌లోని వాకెషా దగ్గర ఒక పొలంలో 1932లో ఆలిస్-చామర్స్ కంపెనీ తన మోడల్ యూ ట్రాక్టరుకు గాలి టైర్లు తొడిగి పరీక్షించింది. చాలామంది నమ్మలేదు. నమ్మించడానికి మరుసటి ఏడు ఆ ట్రాక్టర్లతో పందేలు నడిపించి, బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ లాంటి పేరున్న రేసు డ్రైవరును ఎక్కించి, గంటకు 60 మైళ్ళు దాటించారు. పదేళ్ళు తిరక్కుండానే కొత్తగా అమ్ముడయ్యే ట్రాక్టర్లలో అత్యధికం రబ్బరు టైర్లవే అయ్యాయి. ట్రాక్టరు వేగం పెరిగాక దాని వెనక ఇనప పట్టాల చక్రాల పాత గుర్రబ్బండి పనికిరాకుండా పోయింది. వేగంగా లాగితే విరిగేది. రైతులు పాత కార్ల ఇరుసులు తీసి, పైన చెక్క పలకలు బిగించి సొంతంగా బండ్లు కట్టుకోవడం మొదలుపెట్టారు. ఇంతలో యుద్ధం వచ్చింది. మలయా, డచ్ ఈస్టిండీస్ జపాన్ చేతిలో పడడంతో సహజ రబ్బరు వచ్చే దారి మూసుకుపోయింది. 1942 జనవరిలో అమెరికాలో టైర్లకు రేషన్ పెట్టారు. కార్లు గంటకు 35 మైళ్ళు మించకూడదన్నారు. కొత్త ట్రాక్టర్లు కొన్ని మళ్ళీ ఇనప చక్రాలతో బయటికొచ్చాయి. రబ్బరు మీద నడిచే బండి రుచి చూసి, ఆ రబ్బరు దొరకక మూడు నాలుగేళ్ళు ఆగిన రైతులకు 1945 తర్వాత సైన్యం మిగులు సరుకు అమ్ముతోందని తెలిసింది. ఆ సరుకులో ఈ ట్రైలర్ కూడా ఉంది. గుర్రాలు, కంచరగాడిదల సంఖ్యను ట్రాక్టర్ల సంఖ్య దాటింది 1954లో. అంటే ఈ బండి పల్లెలకు వచ్చేనాటికి పశువుల లాగుడు ఇంకా పూర్తిగా పోలేదు, యంత్రపు లాగుడు పూర్తిగా కుదురుకోలేదు. రెంటి మధ్య కాలానికి ఇది సరిగ్గా అందివచ్చింది.

మిగులు సరుకు అమ్మకం మాత్రం సాఫీగా సాగిన వ్యవహారం కాదు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత మిగిలిన సైనిక లారీలను చాలావరకు రాష్ట్రాల రోడ్ల శాఖలకు పంచి, రోడ్లు వేయడానికి వాడారు. రెండో యుద్ధం ముగియకముందే, 1944 అక్టోబరులో, అమెరికన్ కాంగ్రెస్ మిగులు ఆస్తుల చట్టం చేసింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు, చిన్న వ్యాపారులకు, రైతులకు కూడా కొనుక్కునే అవకాశం ఉండాలన్న ఉద్దేశం అందులో ఉంది. 1946లో ఈ పనికోసం యుద్ధ ఆస్తుల నిర్వహణ సంస్థ ఒకటి ఏర్పడింది. డబ్బాలో పెట్టిన కొత్త జీపు యాభై డాలర్లకే ఇస్తారన్న మాట అప్పుడే పుట్టి దేశమంతా పాకింది. పత్రికల వెనక పేజీల్లో వచ్చిన ప్రకటనలు నిజానికి అమ్మింది జీపును కాదు, మిగులు సరుకు ఎలా కొనాలో చెప్పే చిన్న పుస్తకాన్ని. అసలు అమ్మకాల్లో దొరికినవి ఎక్కువగా వాడి నలిగినవి. సముద్రాల అవతల ఉన్న సరుకులో ఎంతో అక్కడే అమ్ముడైంది, లేదా అక్కడే మిగిలిపోయింది. ఇప్పటి వనువాటు దేశంలోని ఎస్పిరిటు సాంటో దీవిలో, అక్కడి ఫ్రెంచి, బ్రిటిష్ పాలకులు చవకగా ఇస్తామన్నా కొనకపోవడంతో, అమెరికన్లు మిగులు సరుకును బుల్డోజర్లతో, లారీలతో, జీపులతో సహా సముద్రంలోకి తోసేశారు. ఆ చోటును ఇప్పటికీ మిలియన్ డాలర్ పాయింట్ అంటారు. ఫిలిప్పీన్స్‌లో అవే జీపులు పొడవు పెంచుకుని, పైకప్పు వేసుకుని, జీప్నీలై ఊళ్ళ మధ్య జనాన్ని మోశాయి. ఒకే సైన్యం వదిలిన ఒకే రకం సరుకు ఒకచోట పగడాల కింద తుప్పు పట్టింది, ఇంకోచోట ఒక దేశపు రవాణాకు ఆధారమైంది. తేడా వస్తువులో లేదు. దాన్ని అందుకుని తన పనికి మలచుకున్నవాళ్ళు ఉన్నారా లేదా అన్నదే తేడా.

మన దేశానికీ ఈ కథలో చోటుంది. అస్సాం, బర్మా సరిహద్దుల్లో నడిచిన యుద్ధం కోసం వచ్చిపడిన అమెరికన్ యంత్రాలు ఇక్కడ మిలిటరీ డిస్పోజల్స్ పేరుతో చేతులు మారాయి. 1947లో ఏర్పడిన సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ తన పని మొదలుపెట్టింది అమెరికన్ సైన్యం వదిలివెళ్ళిన ట్రాక్టర్లతోనే. మధ్య భారతంలో రెల్లు గడ్డి వేళ్ళు పాతుకుని నాగలికి లొంగని బీళ్ళను ఆ యంత్రాలతో లోతుగా దున్నించి సాగులోకి తెచ్చారు. విల్లీస్ జీపును ఇక్కడ బిగించి అమ్మిన మహీంద్రా కంపెనీ తర్వాతి రోజుల్లో మన పొలాల్లో ఎక్కువగా కనబడే ట్రాక్టర్ల తయారీదారైంది. ఇవాళ ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో ట్రాక్టరు దున్నడానికి ఎంత తిరుగుతుందో, వెనక తొట్టి తగిలించుకుని ధాన్యం, ఇటుకలు, ఎరువు మోయడానికి అంతకు తక్కువ తిరగదు. వలయం, పిన్ను పద్ధతిలో తగిలించే ఆ తొట్టికి ఈ పావు టన్ను బండి పూర్వికురాలని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. మన తొట్లు వేరే దారిలో, వేరే కార్ఖానాల్లో రూపుదిద్దుకున్నాయి. రైతుకు లాగే యంత్రం ఎంత ముఖ్యమో మోసే బండీ అంతే ముఖ్యమన్న విషయం మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

అసలు ఆధారానికి వస్తాను. సైనిక ట్రైలర్‌ను సేద్యానికి మార్చడం వస్తువుకు చేసే అపచారమైతే, ఆ పని మొదట చేసింది దాన్ని పుట్టించినవాళ్ళే. యుద్ధం ముగియగానే విల్లీస్ తన జీపును సీజే-2ఏ పేరుతో రైతుల బండిగా అమ్మకానికి పెట్టింది. దున్నడానికి, మోయడానికి, వెనక యంత్రాలు తిప్పడానికి పనికొస్తుందని ప్రకటించింది. అదే కాలంలో బాంటమ్ కూడా టీ-3 ట్రైలర్‌ను పౌరుల కోసం సవరించి టీ-3సీ అనే రూపంలో అమ్మింది. ఆ సవరణల్లో ముఖ్యమైనది తొట్టికి వెనక తలుపు పెట్టడం. ఏ గుణం కోసం సైన్యం ఆ బండికి సందు లేని తొట్టి కావాలందో, ఆ గుణాన్ని తయారీదారే వదులుకున్నాడు. ఎందుకంటే రైతు వాగు మధ్యలో బండిని తేలించడు. పార పట్టుకుని ఎరువు కిందికి లాగుతాడు. పాల క్యాను ఎత్తకుండా జరపాలనుకుంటాడు. అడుగున్నర గోడ మీదుగా బస్తా ఎత్తి దించితే నడుము పోతుంది. అంటే యుద్ధ నమూనా ఒకటే అసలైనదని, మిగతావన్నీ దాని చెడిన రూపాలని అనుకోవడానికి బాంటమ్ కార్ఖానా చరిత్ర ఒప్పుకోదు. ఒకే బల్ల మీద, ఒకే పనివాళ్ళ చేతుల్లో రెండు రూపాలూ పుట్టాయి.

తర్వాతి తరాల బండ్లలో కూడా ఇదే కనబడుతుంది. 1950లలో ఎం-38 జీపు కోసం ఎం-100 ట్రైలర్ వచ్చింది, 1960లలో ఎం-151 జీపు కోసం ఎం-416 వచ్చింది. ముప్పావు టన్ను ఎం-101, టన్నున్నర ఎం-105 లాంటి పెద్దవీ ఉన్నాయి. ఒక్కో నమూనాను సైన్యం మానుకున్నప్పుడల్లా పాతవి వేలంపాటకు వచ్చి, చాలావరకు పల్లెలకు చేరాయి. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఎం-151 జీపు మలుపుల్లో తేలిగ్గా బోల్తాపడే బండి కావడంతో, మామూలు జనానికి ప్రమాదమని సైన్యం దాన్ని ముక్కలు కోసి తుక్కుగా అమ్మింది. దాని వెనక నడిచిన ఎం-416 మాత్రం ఒళ్ళు చెక్కుచెదరకుండా రైతుల చేతికి వచ్చింది. లాగిన జీపుకు దొరకని రెండో జన్మ వెనక బండికి దొరికింది. ఆ బండ్లు ఇవాళ మ్యూజియంలో పెట్టదగిన స్థితిలో ఎక్కడైనా కనబడుతున్నాయంటే, ఎవరో రైతు వాటిని కొట్టం కింద పెట్టుకుని, బేరింగులకు గ్రీజు కొట్టి వాడుకోవడం అందుకు పెద్ద కారణం. పనికిరాదనుకున్న ఇనుము తుక్కు కొట్టుకే వెళ్తుంది. పనికొచ్చే ఇనుమే మిగులుతుంది.

దీనికి పాత సైనిక బండ్లను సేకరించేవాళ్ళు చెప్పే సమాధానం బలహీనమైనదేం కాదు. పొలంలో వాడకం బండ్లను కాపాడిందని ఒప్పుకున్నా, వేలకొద్దీ ఉన్న రోజుల్లో ఒకదాని తొట్టి కోసి తలుపు పెట్టడం వేరు, కొన్నే మిగిలిన ఈ రోజుల్లో కోయడం వేరు అంటారు వాళ్ళు. ఒక్కసారి కోసిన రేకు తిరిగి రాదు. తయారీ ముద్రలున్న పలకను రుద్ది పారేస్తే ఆ బండి ఏ కార్ఖానాలో ఎప్పుడు పుట్టిందో ఇక తెలియదు. ఈ వాదనలో నిజముంది. నేను ఒప్పుకోనిది దాని తర్వాతి మెట్టును: కాబట్టి ఏ బండినీ తాకకూడదు, తాకితే 1943 నాటి స్థితికి మాత్రమే తీసుకుపోవాలి అన్నదాన్ని. ఎనభై ఏళ్ళ బండి మీద రంగులు పొరలు పొరలుగా ఉంటాయి. సైన్యపు ఆకుపచ్చ కింద మరో ఆకుపచ్చ, పైన ట్రాక్టరుకు వేయగా మిగిలిన ఎరుపో నీలమో. 1950లలో ఎవరో రైతు అంచు మీద వెల్డింగ్ చేసిన కోణపు ఇనుము, ఎవరో పెట్టిన కొక్కేలు, చెక్క పక్కలు నిలబెట్టడానికి వేసిన గూళ్ళు. వీటన్నిటినీ గీకి తీసేసి యుద్ధపు సంవత్సరాన్ని ఒక్కదాన్నే మిగల్చడం కూడా చెరిపివేతే. అందులో పోయేది రైతుల చరిత్ర. సైన్యం చరిత్రకు పత్రాలు, ఫొటోలు, సాంకేతిక మాన్యువల్స్ ఉన్నాయి. రైతు తన బండిని ఎలా మార్చుకున్నాడో రాసిపెట్టినవాళ్ళు లేరు. ఆ వెల్డింగ్ మచ్చలే దానికి దస్తావేజు.

రెండో అభ్యంతరం ఖర్చు గురించి, ప్రమాదం గురించి. ఇది నాకు మొదటిదానికంటే బరువైనదిగా కనబడుతుంది. పాత ట్రైలర్‌కు టైర్లు, బేరింగులు, వైరింగు, రంగు అన్నీ పెట్టేసరికి కొత్త చిన్న ట్రైలర్ ధర దాటిపోవచ్చు. పైగా చూడడానికి ఉక్కుకోటలా ఉండే ఈ బండి మోయగలిగింది ఎంత? పావు టన్ను అంటే అమెరికన్ లెక్కలో 500 పౌండ్లు, సుమారు 227 కిలోలు. పొలాల్లో, గతుకుల్లో దాని హద్దు అది. తొట్టి ఘనపరిమాణం ముప్పై ఘనపుటడుగులకు అటూ ఇటూ. అమెరికాలో కట్టెలను కార్డు లెక్కన కొలుస్తారు, కార్డు అంటే 128 ఘనపుటడుగులు. తొట్టి నిండా పచ్చి ఓక్ కట్టెలు పేరిస్తే కార్డులో నాలుగో వంతుకు కూడా రాదు, కానీ బరువు వెయ్యి పౌండ్లకు దగ్గరపడుతుంది, అంటే హద్దుకు రెట్టింపు. అడుగు బిరడాలు మూసి ఉన్న తొట్టిలో వాన నీరు అంచు దాకా నిండితే 1,700 పౌండ్లకు పైమాటే; బండి ఊరికే నిలబడి ఉండగానే కమాను కట్టలు వంగిపోతాయి. చేతి బ్రేకు నిలిపి ఉంచడానికే కానీ నడుస్తున్నప్పుడు ఆపడానికి కాదు. వాలులో దిగేటప్పుడు వెనక బరువంతా ముందున్న ట్రాక్టరు బ్రేకుల మీదే పడుతుంది. చీకట్లో నెమ్మదిగా పోయే పొలం బండిని వెనకనుంచి వచ్చి కార్లు గుద్దడం అమెరికా పల్లెల్లో ఎంత పెద్ద సమస్యంటే, ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో దానిమీద పరిశోధన జరిగి, 1960లలో నారింజ రంగు త్రికోణపు గుర్తు వాడుకలోకి వచ్చింది. పాత మిలిటరీ ట్రైలర్‌కు అలాంటిదేమీ ఉండదు. పైగా కనబడకుండా ఉండాలనే దానికి ఆ రంగు వేశారు.

ఈ లెక్కలన్నీ సరైనవే. అయితే ఇవి చెప్పేది ఆ బండి పొలానికి తగదని కాదు, ఏ పనికి తగుతుందో తెలుసుకుని వాడాలని. ధాన్యం రాశి మోయడానికి ఇది సరిపోదు, ఏనాడూ సరిపోలేదు. ఆ పనికి టన్నున్నర ఎం-105 ఉంది, అంతకంటే పెద్దవీ ఉన్నాయి. కంచె బాగుచేసే సామాను, మొక్కలు, పనిముట్లు, పదిలోపు గడ్డి మోపులు, వీటికి 500 పౌండ్ల బండి చాలు. చిన్న ట్రాక్టరుకో, పాత జీపుకో తగిలించుకుని ఒక్క మనిషి తిప్పుకోగలడు. ఖర్చు విషయానికొస్తే, కొత్త చవక ట్రైలర్ల రేకు మందం, ఇరుసు దిట్టతనం పక్కపక్కన పెట్టి చూసిన రైతు ఆ తేడా లేదనడు. ఇంకో సంగతి, ఈ బండిలో విప్పి బాగుచేయలేని భాగం ఏదీ లేదు. బేరింగు బయట దొరుకుతుంది, కమాను పట్టీ విరిగితే అదొక్కటీ మార్చవచ్చు, రేకు చిల్లిపడితే ఊళ్ళో వెల్డరు అతుకు వేయగలడు. యుద్ధరంగంలో మెకానిక్ ఉండడని సైన్యం కోరిన గుణం ఇది. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా తన చేత్తో బాగుచేసుకోగలిగే వస్తువుకు ధరల పట్టికలో కనబడని విలువ ఒకటుంది, దాన్ని రైతు ఎప్పుడూ లెక్కలోకి తీసుకుంటూనే వచ్చాడు.

బాగుచేసేటప్పుడు కూడా చరిత్ర తెలిసినవాడికే పని సులువు. తుప్పు ఎక్కడుంటుందో నిర్మాణమే చెబుతుంది: సందు లేని తొట్టిలో ఆకులు, మట్టి పడి బిరడాల చుట్టూ తడి నిలిచిన చోట, తొట్టి అడుగు చట్రం మీద ఆనిన చోట. ముందు ఆ రెండు చోట్లా సుత్తితో తట్టి చూడాలి. బిరడాలను ఇక పారేయకపోయినా, తీసి ఉంచడమే మేలు. యుద్ధకాలపు చక్రాల్లో చాలావాటికి రెండు ముక్కలుగా ఉండి బోల్టులతో బిగించే రిమ్ములు ఉంటాయి. లోపల గాలి పూర్తిగా తీయకుండా ఆ బోల్టులు వదులు చేస్తే రిమ్ము పేలి మనిషి ప్రాణం తీయగలదు. చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే నట్లు వేరు, రిమ్ము ముక్కలను కలిపే నట్లు వేరు. ఈ తేడా తెలియకుండా స్పానరు పట్టకూడదు. పాత రంగులో సీసం ఉంటుంది కాబట్టి పొడిగా రుద్ది ఆ ధూళి పీల్చడం తగదు, పశువులు తిరిగే చోట రుద్దడం అసలే తగదు. యుద్ధకాలపు దీపాలు 6 వోల్టులవి, తర్వాతి సైనిక బండ్లవి 24 వోల్టులవి, నేటి ట్రాక్టరు 12 వోల్టులది. బల్బులు మార్చకుండా తగిలిస్తే ఒకటి మాడుతుంది, ఇంకొకటి వెలగనట్టే ఉంటుంది. ముందు వలయాన్ని కోసేసి బంతి కప్పు వెల్డింగ్ చేయించడం చాలామంది చేసే పని. ట్రాక్టరు వెనక పలక మీద కొక్కెం బోల్టులతో బిగించుకుంటే ఆ కోత అవసరమే రాదు. వలయం, కొక్కెం జోడీ గతుకుల్లో ఎటు మెలితిరిగినా ఊడదు. పొలానికి బంతి కంటే అదే మెరుగు.

ఇక మిగిలేది వెనక తలుపు సంగతి. కోయాలా వద్దా అన్న ప్రశ్నకు అన్ని బండ్లకూ ఒకటే జవాబు లేదు. నాలుగు గోడలూ గట్టిగా ఉండి, తయారీ పలక, పాత కొక్కేలు నిలిచి ఉన్న టీ-3 దొరికితే దాన్ని కోయకూడదన్నదే నా అభిప్రాయం. అలాంటివి నిజంగానే తగ్గిపోయాయి, ఎత్తి దించే చిన్న సామానుకు అది అలాగే పనికొస్తుంది, పక్కలు పెంచాలంటే లోపల చెక్క గూళ్ళు నిలబెట్టుకోవచ్చు. వెనక రేకు ఎలాగూ తుప్పు తినేసి ఉంటే కథ వేరు. కొత్త రేకు అతికి తేలే తొట్టిని మళ్ళీ తయారుచేయడం కంటే, బాంటమ్ టీ-3సీకి పెట్టినట్టు కీలు తలుపు పెట్టడమే నయం. రైతుకు పని జరుగుతుంది, పుట్టిన కార్ఖానా చేసిన సవరణే మళ్ళీ జరుగుతుంది. ఎం-416 లాంటి తర్వాతి బండ్లు ఇంకా ఎక్కువగానే దొరుకుతున్నాయి కనుక వాటి విషయంలో ఇంత జంకు అక్కర్లేదు. ఏ బండి అయినా తీసేసిన ప్రతి భాగాన్నీ, పనికిరాదనిపించినా, కొట్టంలో ఒక పెట్టెలో వేసి, ఏ బండిదో చీటీ కట్టి ఉంచాలి. ఆ బండిని తర్వాత కొనేవాడికి ఆ పెట్టెనూ కలిపి ఇవ్వాలి.